ఇరవై సెకన్ల తేడా

ఏ భాష నేర్చుకోవాలి

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఏ కంప్యూటర్ భాష నేర్చుకోవాలని. నాకు తెలియదు. నేను నేర్చుకున్న వాటిలో సగం ఇప్పుడు ఎవరూ వాడటం లేదు. మిగతా సగం పేర్లు మార్చుకుని తిరుగుతున్నాయి. ముప్పై ఏళ్ళు ప్రోగ్రాములు రాసి, రాయించి, మీకు పనికొచ్చేలా నేను చెప్పగలిగింది ఒక తప్పు గురించి. ఆ తప్పు నాది. దాన్ని కనిపెట్టింది నేను కాదు.

ప్రమోషన్ల సంగతి రాయను. నాకు వచ్చినవి కొన్ని అర్హతతో వచ్చాయి, కొన్ని పక్కవాడు మానేసి వెళ్ళడం వల్ల వచ్చాయి. వాటిలో నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

నా భార్య సుశీల పోయిన ఏడాది చనిపోయింది. ఈ విషయంలో ఆమె పాత్ర ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను.

గేట్

తొంభైల చివర, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం ఆ గుండ్రటి భవనం కొత్తగా కట్టిన రోజులు. చుట్టూ ఇంకా బండలే. గచ్చిబౌలి వైపు వెళితే మేకలు అడ్డం వచ్చేవి. నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. ఒక ఫ్యాక్టరీ కంప్యూటర్ విభాగంలో పద్నాలుగేళ్ళు పనిచేసి, అక్కడొక కంపెనీలో ఇరవై నాలుగేళ్ళ వాళ్ళ మధ్యకు వచ్చి పడ్డాను. ఊరు నంద్యాల. మూసాపేటలో కిరాయి ఇల్లు. పొద్దున ఆఫీసు బస్సు, సాయంత్రం ఏది దొరికితే అది.

మా క్లయింటు విదేశంలో ఒక కంపెనీ. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే రోగులకు కావలసిన సామాను అద్దెకిచ్చేది: మంచాలు, చక్రాల కుర్చీలు, ఆక్సిజన్ సిలిండర్లు. రోగి ఇంట్లోవాళ్ళు ఫోన్ చేస్తారు. క్లర్కు ఆర్డర్ రాసుకుంటుంది. లారీ వెళ్ళి సామాను దింపుతుంది. అప్పటిదాకా కాగితాల మీద నడిచిన ఈ పనిని వెబ్ పేజీల మీదికి తేవడం మా పని.

ఇక్కడ కొంచెం సాంకేతికం తప్పదు. క్లర్కు చూసే స్క్రీను ఒక యంత్రం మీద ఉంటుంది. ఆర్డర్లు, స్టాకు, చిరునామాలు ఇంకో యంత్రం మీద ఉంటాయి. స్క్రీనుకు ఏదన్నా కావాలంటే రెండో యంత్రాన్ని అడగాలి. అలా అడగడాన్ని రిమోట్ కాల్ అంటాం. అరవై పైన స్క్రీన్లు, ఒక్కొక్కదానిలో ఐదారు కాల్స్. పదకొండు మంది ప్రోగ్రామర్లు ఎవరికి తోచినట్టు వాళ్ళు ఆ కాల్స్ రాసుకుంటున్నారు. ఒకరు అటువైపు జవాబు రాకపోతే స్క్రీను ఖాళీగా వదిలేస్తారు. ఒకరు ఎర్ర అక్షరాల్లో ఏదో చూపిస్తారు. ఒకరి స్క్రీను అలా ఆగిపోతుంది, అంతే.

నేను చేరిన రెండో నెలలో దీన్ని ఆపాను. ఒకే ఒక్క క్లాస్ రాశాను. క్లాస్ అంటే మిగతా అందరూ పిలిచి వాడుకునే ప్రోగ్రాము ముక్క అనుకోండి. ఏ స్క్రీను ఏమడగాలన్నా దీన్నే అడగాలి. అదే అటువైపు మాట్లాడి జవాబు తెస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఏమడిగారో ఒక చిట్టాలో లైను రాస్తుంది. జవాబు రాకపోతే ఏం చెప్పాలో అదే చెబుతుంది. దానికి మేము పెట్టుకున్న పేరు గేట్.

ఈ ఆలోచన నాకు పుస్తకంలోంచి రాలేదు. సుశీల సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో టెలిఫోన్ ఆపరేటర్. లోపల రెండు వందల ఫోన్లు, బయటికి ఎనిమిది లైన్లు, మధ్యలో ఆమె బోర్డు. ఏ కాల్ అయినా ఆమె కలపాల్సిందే. జనరల్ మేనేజర్ అయినా స్టోర్స్ గుమాస్తా అయినా ముందు ఆమెతో మాట్లాడాల్సిందే. ఎవరు ఎవరికి చేశారో, ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ఆగింది, అన్నీ ఆమె రిజిస్టర్లో ఉండేవి. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఆమె కోసం ఆ గది బయట గంటసేపు కూర్చున్నాను. అప్పుడు చూసిందే గేట్ రాసేటప్పుడు గుర్తొచ్చింది.

మా వాళ్ళలో అందరికన్నా గట్టిగా ఎదురు చెప్పింది యాదగిరి. హఫీజ్‌పేట్ వాడు, తాతల కాలం నుంచి ఆ ఊరే. ఒక పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ చెప్పే పర్మనెంటు ఉద్యోగం వదులుకుని మా దగ్గర ప్రొబేషన్ మీద చేరాడు. ఆ విషయానికి వాళ్ళ నాన్న నెల రోజులు మాట్లాడలేదట. కొత్త ఆర్డర్ రాసే స్క్రీను అతనిది. అన్నిటిలోకీ ముఖ్యమైనది అదే.

"ఏంది సార్ ఇది? నా కాల్ నేను రాసుకున్న, మంచిగ నడుస్తుంది. ఇప్పుడు అందరం ఒక్క దర్వాజ ముంగట లైన్ కట్టాల్నా?"

"కట్టాలి."

"ఆ దర్వాజ ఖరాబైతే?"

"నేను బాగుచేస్తాను."

"మీరు జేసేదాకా అరవై స్క్రీన్లు బందేనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతని కాల్ తీయించి గేట్ నుంచి వెళ్ళేలా నేనే పక్కన కూర్చుని మార్పించాను. ఇప్పుడు అడిగినా మళ్ళీ అదే చేస్తాను. కానీ అతను అడిగింది మంచి ప్రశ్న. దానికి నేను జవాబివ్వలేదు, హోదా చూపించాను.

నెమ్మది లైను

హైదరాబాద్ నుంచి క్లయింటు యంత్రానికి మాకున్నది ఒక శాటిలైట్ లైను. ఆఫీసు మొత్తానికి అదొక్కటే. పక్క ప్రాజెక్టు వాళ్ళు ఫైలు ఏదన్నా పంపడం మొదలుపెడితే మా స్క్రీన్లు నిలబడిపోయేవి. కాల్ వెళ్ళేది, జవాబు దారిలో ఎక్కడో పోయేది. పిల్లలు బటన్ నొక్కి, చాయ్ తాగి వచ్చి, మళ్ళీ నొక్కేవాళ్ళు. అందరికీ రెండుసార్లు నొక్కడం చేతికి అలవాటైపోయింది.

దీనికి నేను గేట్‌లో మూడు లైన్లు కలిపాను. ఇరవై సెకన్లలో జవాబు రాకపోతే గేట్ తనంతట తానే ఇంకోసారి అడుగుతుంది. పది మరీ తక్కువ, ముప్పై అయితే జనం విసుక్కుంటారని ఇరవై పెట్టాను. మర్నాటి నుంచి స్క్రీన్లు ఆగిపోవడం దాదాపు పోయింది. యాదగిరి కూడా వచ్చి, "సార్, మీ దర్వాజ జర మంచిదే" అన్నాడు. పొంగిపోయాను. మూడు లైన్లు, ఒక్కచోట రాశాను, అరవై స్క్రీన్లు బాగుపడ్డాయి. నా పద్ధతి సరైనదని ఇంతకన్నా రుజువేం కావాలి?

పరీక్షకు మేము రాసే ఆర్డర్లలో కొన్ని రెండేసి కనిపించేవి. ఎవరూ పట్టించుకోలేదు. అందరం రెండుసార్లు నొక్కేవాళ్ళమే కదా, మన చేతులే నొక్కి ఉంటాయి అనుకున్నాం. పైగా రోజూ పొద్దున ఆ ఆర్డర్లన్నీ తుడిచేసి మొదలుపెట్టేవాళ్ళం. రెండుసార్లు నొక్కే అలవాటు లేని ఊళ్ళో ఈ తప్పు మొదటి రోజే బయటపడేది. మా ఊళ్ళో దాన్ని మా అలవాటు కప్పేసింది.

మీకు ఇక్కడ ఒక మాట. ఇబ్బందికి అలవాటు పడ్డవాడు దేన్నీ పరీక్షించలేడు. కొత్తవాడిని కూర్చోబెట్టి చూడండి. వాడు "ఇదేమిటి?" అన్నచోట ఆగండి.

రెండు మంచాలు

క్లయింటు దగ్గర పని మొదలైంది. వాళ్ళ ఆఫీసు లోపల లైన్లు వేగం. రెండు వారాలు ఏ ఇబ్బందీ లేదు. మూడో వారం ఒకింటికి రెండు చక్రాల కుర్చీలు వెళ్ళాయని ఉత్తరం వచ్చింది. అందరూ నవ్వుకున్నారు. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. అన్నీ సోమవారం పొద్దునే. ఆ పూట ఫోన్లు ఎక్కువ, యంత్రం మీద బరువు ఎక్కువ.

ఆరో సోమవారం ఒకింటికి రెండు మంచాలు వెళ్ళాయి. ఆ రెండోది ఆ రోజు స్టాకులో ఉన్న చివరి మంచం. దాని కోసం వేరే ఇంట్లో ఒక ముసలాయన ఎదురుచూస్తున్నాడు. ఆసుపత్రి వాళ్ళు ఆయన్ని ఇంటికి తెచ్చేశారు. మంచం రాలేదు. సాయంత్రం దాకా స్ట్రెచర్ మీద ఉంచి మళ్ళీ ఆసుపత్రికే తీసుకెళ్ళారు. క్లయింటు ఉత్తరంలో ఇదంతా నాలుగు వాక్యాల్లో ఉంది. మమ్మల్ని తిట్టలేదు. తిట్టి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

మా మేనేజర్ రామమోహన్ గారు. కాకినాడ మనిషి. మాట మెత్తన. క్లయింట్లతో మాట్లాడటంలో ఆయనంత నేర్పరిని నేను తర్వాత కూడా చూడలేదు. నన్ను, యాదగిరిని తన గదికి పిలిచారు.

"ఏమయ్యా యాదగిరీ, క్లర్కు రెండుసార్లు నొక్కితే రెండు ఆర్డర్లు అవుతున్నాయటగా?"

"కాదు సార్. క్లయింటుకు ఇచ్చే ముందే ఒక్కసారి నొక్కినంక బటన్ బంద్ అయ్యేటట్టు జేసిన. మల్ల నొక్కరాదు."

"మరి రెండెందుకు వస్తున్నాయి?"

"ఏమో సార్. గదే సమజ్ అయితలేదు. కని నా స్క్రీన్ కెల్లి ఒక్కసారే పోతది."

రామమోహన్ గారు నా వైపు చూశారు. "రాజశేఖర్ గారూ, మీ గేట్ అన్నీ రాసుకుంటుందన్నారు కదండీ. ఏం రాసుకుంది?"

నా దగ్గర చిట్టా అచ్చు కాగితం ఉంది. బల్ల మీద పరిచి చూపించాను. మంచం ఆర్డర్‌కి రెండు లైన్లు ఉన్నాయి. ఒకే ఆర్డర్, ఒకే క్లర్కు, ఒకదాని కింద ఒకటి.

"స్క్రీన్ నుంచి రెండుసార్లు వచ్చింది సార్," అన్నాను.

"నేను ఒక్కసారే పంపిన సార్," అన్నాడు యాదగిరి.

"చిట్టా అబద్ధం చెప్పదు యాదగిరీ. కొన్ని బ్రౌజర్లలో నీ బటన్ ఆగడం లేదేమో."

ఆ మాట పూర్తిగా నమ్మే అన్నాను. ఆ రోజుల్లో ఒకే పేజీ రెండు బ్రౌజర్లలో రెండు రకాలుగా నడిచేది. యాదగిరి కాగితం వైపు చూస్తూ నిలబడ్డాడు. అతను వెళ్ళాక రామమోహన్ గారు తలుపు మూశారు.

"కుర్రాడి ప్రొబేషన్ ఈ నెలాఖరుకి అయిపోతుందండీ. పర్మనెంటు చెయ్యొద్దు. స్క్రీను రాసినవాణ్ణి మార్చాం అంటే క్లయింటుకి నమ్మకం కుదురుతుంది. కారణాలు రాసి రేపు నాకివ్వండి."

సరేనన్నాను.

టెలిఫోన్ గది

ఆ సాయంత్రం చిట్టా కాగితాలు ఇంటికి తెచ్చాను. వాటిలో రోగుల పేర్లు లేవు, క్లర్కుల నంబర్లు, సామాను, టైములు మాత్రమే. యాదగిరి గురించి రాయాల్సిన నోటు వాటిని పక్కన పెట్టుకుని రాద్దామని. వంటింటి బల్ల మీదే కూర్చున్నాను. సుశీల గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. ఏంటవి అని అడిగింది. చెప్పాను. మంచం సంగతీ చెప్పాను, ముసలాయన సంగతీ చెప్పాను.

"పాపం, సాయంత్రం దాకా స్ట్రెచర్ మీదేనా?" అంది. తర్వాత, "ఎవరు చేసినారంట?"

"యాదగిరి అని ఒక కుర్రాడు. హఫీజ్‌పేట్ అతను. బటన్ రెండుసార్లు నొక్కితే ఆగేలా చెయ్యలేదు."

"చేసినా అంటున్నాడా, లేదంటున్నాడా?"

"చేశానంటున్నాడు."

చెయ్యి తుడుచుకుని కాగితం లాక్కుంది. నేను పెన్సిల్‌తో గీత గీసిన జంటలు చూసింది. ఇరవై ఏళ్ళుగా ఆమె పని అదే. ట్రంక్ కాల్ ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ఆగింది, మధ్యలో ఎంతసేపు. కాగితం చూస్తే చాలు, తీసివేత నోటికొచ్చేసేది.

"తొమ్మిదీ పద్నాలుగు ఏడు సెకన్లు. తొమ్మిదీ పద్నాలుగు ఇరవై ఏడు. ఇరవై." వేలు కిందికి జరిపింది. "తొమ్మిదీ ముప్పై ఒకటి యాభై. ముప్పై రెండు పది. ఇరవై. పదీ రెండు నలభై నాలుగు. పదీ మూడు నాలుగు. ఇదీ ఇరవయ్యే. అన్నీ ఇరవయ్యే కదా?"

నేను పెన్సిల్ కింద పెట్టాను.

"మా స్టోర్స్ ఆయన లైను దొరక్కపోతే ఫోను టకటకా కొడతాడు. ఒకసారి ఐదు సెకన్లకు, ఒకసారి నిమిషానికి. మనిషి విసుగుకు లెక్క ఉండదు. సరిగ్గా ఇరవైకి నొక్కేవాడు మనిషి కాడు. మీ మిషన్‌లో ఏదన్నా ఇరవై ఉందేమో చూసుకోండి."

చూసుకోవాల్సిన పని లేదు. ఆ ఇరవై నేనే పెట్టాను. పదా, ముప్పైయా అని ఆలోచించి మరీ పెట్టాను. సోమవారం పొద్దున అటు యంత్రం నెమ్మదిస్తుంది. ఆర్డర్ రాసుకుంటుంది, కానీ జవాబు ఇరవై సెకన్లు దాటి వస్తుంది. ఈలోగా గేట్ మళ్ళీ అడుగుతుంది. అది రెండో ఆర్డర్ అనుకుని మళ్ళీ రాసుకుంటుంది. క్లర్కు నొక్కింది ఒక్కసారే. యాదగిరి పంపింది ఒక్కసారే. చిట్టాలో రెండో లైను నా గేట్ చేసిన కాల్‌ది. ఆ లైనునే ఆ మధ్యాహ్నం అతని మీద సాక్ష్యంగా పరిచాను.

సుశీలకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"మాట మధ్యలో లైను తెగితే మీ గేట్ ఊరికే మళ్ళీ కలిపేస్తుందా?"

"నువ్వైతే ఏం చేస్తావు?"

"ముందు అడుగుతా. మాట్లాడేసినారా, లేదా అని. సరుకు పంపమని చెప్పేసినాక తెగిందనుకో. మళ్ళీ కలిపితే ఆయన మళ్ళీ మొదటి నుంచి చెప్తాడు. అటువైపు ఇంకొక గుమాస్తా ఉంటే అదీ రాసుకుంటాడు. లారీ రెండుసార్లు వస్తుంది. మా దగ్గర వచ్చింది కూడా. అప్పటి నుంచి అడగకుండా కలపను."

చిక్కుళ్ళు మళ్ళీ తుంచడం మొదలుపెట్టింది. కాసేపటికి అడిగింది. "ఆ పిల్లోనికి ఎప్పుడు చెప్తారు?"

రామమోహన్ గారి గది

పొద్దున తొమ్మిదికే రామమోహన్ గారి గదికి వెళ్ళాను. నోటు రాయలేదని, తప్పు గేట్‌లో ఉందని, అది నాదని చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"ఎన్ని లైన్లండీ?"

"మూడు."

"తీసెయ్యండి మరి. ఎవరికీ చెప్పొద్దు."

"యాదగిరి?"

"చూడండి రాజశేఖర్ గారూ. ఈ గేట్ చూపించే కదండీ మనం ఈ పని తెచ్చుకున్నాం. అన్నీ ఒకేచోట, పద్ధతిగా అని నేనే వాళ్ళకి బొమ్మ గీసి చెప్పాను. ఇప్పుడు ఆ గేట్‌లోనే తప్పుందంటే అరవై స్క్రీన్లూ అనుమానమే. కుర్రాడు తెలివైనవాడు, వారంలో ఇంకోచోట చేరతాడు. మీరు ఊరుకోండి."

ఆయన్ని చెడ్డవాడిగా చూపించాలని ఇది రాయడం లేదు. నేను చూసిన బాసుల్లో ఆయన మంచివాడే. పన్నెండు మంది ఉద్యోగాలు ఆయన లెక్కలో ఉన్నాయి, వాటికి ఎదురుగా యాదగిరిది ఒకటి పెట్టి చూశారు. ఇలాంటి లెక్క మీ ముందుకూ వస్తుంది. చాలా మర్యాదగా వస్తుంది. మీరు చెయ్యవలసింది కూడా ఏమీ ఉండదు, ఊరుకుంటే చాలు. అందుకే అది కష్టం.

మూడు లైన్లలో నేను తీసింది సగమే. అడగడం వేరు, చేయడం వేరు. 'స్టాకులో ఎన్ని ఉన్నాయి' అని ఎన్నిసార్లు అడిగినా నష్టం లేదు. 'మంచం పంపు' అనేది రెండుసార్లు అనకూడదు. గేట్‌కు అప్పటిదాకా ఆ తేడా తెలియదు, ఎందుకంటే నేను ఆలోచించలేదు. మధ్యాహ్నానికి ఆ తేడా నేర్పాను. చేసే పని అయితే మళ్ళీ పంపదు.

సాయంత్రం ఆరున్నరకు క్లయింటుతో ఫోన్ మీటింగు. బల్ల మధ్యలో స్పీకర్ ఫోను, చుట్టూ మేము. అటువైపు వాళ్ళ పనులన్నీ చూసే ఒక పెద్దావిడ. ఆమెకు కంప్యూటర్లంటే ఇష్టం లేదని మాకు తెలుసు. యాదగిరి తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. తన సంగతి అతనికి అప్పటికే చూచాయగా తెలిసినట్టుంది.

రామమోహన్ గారు మొదలుపెట్టారు. స్క్రీను రాసే మనిషిని మార్చడం గురించి ఆలోచిస్తున్నామన్నారు. ఆయన ఊపిరి తీసుకునే లోపల నేను అందుకున్నాను.

నా ఇంగ్లీషు అప్పటికి అంత గొప్పది కాదు. చిన్న వాక్యాల్లో చెప్పాను. తప్పు ఆ స్క్రీనులో లేదు. అన్ని స్క్రీన్లూ వాడే భాగంలో ఉంది. ఆ భాగం నేను రాశాను. జవాబు ఆలస్యమైతే అది ఆర్డర్‌ను మళ్ళీ పంపుతోంది. నిన్న మా ప్రోగ్రామర్‌దే తప్పని నేను చెప్పాను. అది నిజం కాదు.

శాటిలైట్ లైను మీద నిశ్శబ్దం మామూలు కన్నా పొడుగ్గా ఉంటుంది. రామమోహన్ గారు బల్ల వైపు చూస్తున్నారు.

ఆమె ఒకటే అడిగింది. "ఎన్ని చోట్ల మార్చాలి?"

"ఒక్కచోట."

"అరవై స్క్రీన్లకూ?"

"అరవైకీ ఒక్కచోటే. మార్చేశాను. రాబోయే సోమవారానికి ముందే మీ యంత్రం మీదికి వస్తుంది."

"అయితే సోమవారం నేనే క్లర్కుల పక్కన కూర్చుంటాను," అంది. ఇంకో విషయానికి వెళ్ళిపోయింది.

సోమవారం ఒక్క ఆర్డర్ కూడా రెండు కాలేదు. ఆ తర్వాత వారంలో మిగతా పని పూర్తి చేశాం. ఆర్డర్ స్క్రీను తెరిచినప్పుడే దానికొక నంబరు వేస్తాం. అదే నంబరుతో రెండోసారి ఏదన్నా వస్తే అటు యంత్రం కొత్తది రాయదు, 'ఇది రాసుకున్నాను' అని పాత జవాబే ఇస్తుంది. ఇప్పుడు గేట్‌కు అనుమానం వస్తే మళ్ళీ అడగవచ్చు. సుశీల తన బోర్డు దగ్గర చేసేది ఇదే. ఆమె దగ్గర దీనికి పేరు లేదు. ఇప్పుడు పుస్తకాల్లో ఉంది.

అన్ని కాల్స్ ఒకే క్లాస్ నుంచి పంపాలా అని నన్ను ఇప్పటికీ అడుగుతారు. పంపాలి. దాంట్లో తప్పు చేస్తే అంతటా తప్పవుతుంది, నిజమే. కానీ అదే మూడు లైన్లు పదకొండు మంది పదకొండు రకాలుగా రాసి ఉంటే, ఆ ఫోనులో నేను 'ఒక్కచోట' అని చెప్పగలిగేవాణ్ణి కాదు. నా పద్ధతి మీద నాకు నమ్మకం తగ్గలేదు. నా మీద తగ్గింది, అది మంచిదే అయింది.

యాదగిరి అడిగింది

యాదగిరి పర్మనెంటు అయ్యాడు. రామమోహన్ గారే సంతకం పెట్టారు. నాతో ఆ మీటింగు గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. కొన్నాళ్ళు మీటింగుల్లో నన్ను చివర పిలిచారు, తర్వాత అదీ మానేసి మామూలుగా ఉన్నారు.

మీటింగు అయిన మర్నాడు క్యాంటీన్‌లో యాదగిరి ఎదురుగా కూర్చున్నాను. థాంక్స్ చెబుతాడని ఎక్కడో అనుకున్నానేమో. అతను చాయ్‌లో బిస్కట్ ముంచుకుంటూ కూర్చున్నాడు.

"సారీ యాదగిరీ," అన్నాను.

"ఫికర్ లేదు సార్." బిస్కట్ నోట్లో వేసుకున్నాడు. "ఒకటి అడుగుతా, ఏమనుకోకుండ్రి. మీ చిట్టల రెండు లైన్లు ఉన్నయని జెప్పిండ్రు గదా?"

"అవును."

"నేను గూడ రెండుసార్లు జెప్పిన. ఒక్కసారే పోతదని. అది మీరు యాడ రాసుకున్నరు?"

బిస్కట్ ప్యాకెట్ నా వైపు జరిపాడు. ఒకటి తీసుకున్నాను.

అప్పటి నుంచి నేను చేసింది ఒకటుంది. ఏ తప్పు వెతకాల్సి వచ్చినా, యంత్రం చెప్పేది ఒక కాగితం మీద, మనిషి చెప్పేది ఇంకో కాగితం మీద రాసేవాణ్ణి. రెండూ పక్కపక్కన పెట్టి, రెండూ నిజమే అయితే ఏం జరిగి ఉండాలి అని చూసేవాణ్ణి. చాలాసార్లు రెండూ నిజమే అయ్యేవి. మీరు ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

యాదగిరి తర్వాత నాకన్నా పెద్ద పనులు చేశాడు. ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. "సార్, దర్వాజ ఎట్లుంది?" అనే మొదలుపెడతాడు.

రాసుకున్నారా

ప్రతి క్లాస్ పైన రాసినవాళ్ళ పేరు వేసే చోటు ఒకటుంటుంది. గేట్ మీద నా పేరుండేది. సరిచేశాక సుశీల పేరు కూడా వేస్తానన్నాను.

"ఎందుకు? మా ఫ్యాక్టరీలోనే నా పేరు ఎవరికీ తెలీదు. ఆపరేటర్ అంటారు," అని నవ్వింది. వెయ్యలేదు. ఆ ప్రాజెక్టు ఎప్పుడో పోయింది, ఆ క్లాసూ పోయింది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

పోయిన ఏడాది ఆమెను దవాఖాన నుంచి ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఇంక అక్కడ చెయ్యగలిగింది లేదన్నారు. తల వైపు ఎత్తగలిగే మంచం కావాలి. మూసాపేటలోనే అద్దెకిచ్చే దుకాణం ఉంది. వార్డు బయట వరండాలోంచి ఫోన్ చేశాను. ఒక అమ్మాయి తీసింది. మంచం, పరుపు, చిరునామా, మధ్యాహ్నం రెండు గంటలకల్లా అని చెప్పాను. చిరునామా చివర్లో ఉండగా లైను తెగింది.

లోపలికి వచ్చి మళ్ళీ నంబరు కలుపుతున్నాను. సుశీల కళ్ళు మూసుకునే ఉంది. నిద్రపోతోందనుకున్నాను.

"తెగిందా?"

"ఆ."

"మళ్ళీ మొదటి నుంచి చెప్పొద్దు. రాసుకున్నారా అని అడగండి ముందు."

అడిగాను. ఈసారి తీసింది వేరే అబ్బాయి. పుస్తకం చూసి, "ఉంది సార్, మూసాపేట, రెండో అంతస్తు, మంచం ఒకటి. రాసిండ్రు," అన్నాడు.

రెండు గంటలకు మంచం వచ్చింది. ఒక్కటే. ఆమె దాని మీద ముప్పై మూడు రోజులు ఉంది.

తర్వాత దాన్ని తీసుకెళ్ళమని చెప్పడానికి అదే దుకాణానికి ఫోన్ చేశాను. మొదటిసారి తీసిన అమ్మాయే తీసింది. చిరునామా చెప్పాను. లైను తెగలేదు. అయినా అడిగాను.

"రాసుకున్నారా అమ్మా?"

"రాసుకున్నాను సార్," అంది.

ఫోను పెట్టేశాను.